చంద్రపూర్ ఎండకు ఈ రెండడుగుల అక్వేరియం సెట్టు ఆగుతుందా?

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్‌పూర్ దుకాణాల్లో కొత్తగా చేపలు పెంచాలనుకునేవారికి ముందు చూపించేది ఈ సెట్టే. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న గాజు తొట్టి, లైటున్న మూత, నీళ్లలో ముంచే మోటారు ఫిల్టరు, 100 వాట్ల హీటరు, నీలం మందు సీసా, మేత ప్యాకెట్టు, రంగురాళ్లు అందులో ఉంటాయి. పైన కంపెనీ పేరు మారినా లోపలి సరుకు దాదాపు ఒకటే. గాజుకు, మూతకు ఐదుకు నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. ఫిల్టరుకు రెండు. మందు, మేత, హీటరు మాత్రం వద్దని చెప్పి ధర తగ్గించమని అడగండి.

తొట్టి నిండా పోస్తే 56 లీటర్లు పడతాయి. రాళ్లు పోను, పైన రెండంగుళాలు ఖాళీ వదిలితే చేపలకు మిగిలేది 45 లీటర్ల దాకా. మొత్తం బరువు 60 కిలోలు దాటుతుంది, కాబట్టి ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టొద్దు. అడుగున థర్మాకోల్ షీటు పరచండి. బల్ల ఎక్కడైనా ఎత్తుపల్లాలుగా ఉంటే గాజు అక్కడే పగులుతుంది. చేపలు వేసేముందు నీళ్లు నింపి ఒక రోజంతా ఉంచి, మూలల్లో చెమ్మ ఊరుతోందేమో కాగితంతో ఒత్తి చూడండి.

నీలం సీసా సంగతి గట్టిగా చెప్పాలి. దుకాణంలో దీన్ని "క్లోరిన్ మందు" అని ఇస్తారు. చాలాసార్లు అందులో ఉండేది మిథిలీన్ బ్లూ. అది బూజు తెగులుకు వాడే మందు, క్లోరిన్‌ను తీసేయదు. పైగా ఫిల్టరులో పెరగాల్సిన మంచి బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది, మూలల్లోని సిలికాన్‌కు నీలం మరక పట్టిస్తుంది. మీకు కావాల్సింది సోడియం థయోసల్ఫేట్. సీసా మీద ఆ పేరు ఉంటేనే కొనండి, ఎన్ని లీటర్లకు ఎన్ని చుక్కలో చదివి అంతే వేయండి. కుళాయి నీళ్లలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది తాగునీటి ప్రమాణం. మనకు క్షేమమైన ఆ పాటి క్లోరినే చేప మొప్పల్ని కాల్చేస్తుంది. మందు దొరక్కపోతే వెడల్పాటి టబ్బులో నీళ్లు పోసి, గాలి మోటారు పెట్టి 24 గంటలు ఉంచినా క్లోరిన్ పోతుంది. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు గానీ ఆక్సిజన్ తక్కువ, కాబట్టి వాటినీ రాత్రంతా అలాగే ఉంచాలి.

ఇక ఫిల్టరు. 45 లీటర్ల తొట్టికి గంటకు 200 నుంచి 250 లీటర్లు తిప్పే మోటారు చాలు. సెట్టులో వచ్చే మోటారు అంతకంటే ఎక్కువే తోస్తుంది. గప్పీ చేపలు ఆ ధారలో కొట్టుకుపోతాయి, కాబట్టి మోటారు మూతిని గాజు వైపు తిప్పి పెట్టండి. అసలు లోపం స్పంజిలో ఉంది. అగ్గిపెట్టెంత ముక్క, దాన్నీ వారం వారం కుళాయి కింద కడగమంటారు. చేపల మలం, మిగిలిన మేత కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరొకటి నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషాలు, నైట్రేట్ 40 పీపీఎం (లీటరుకు 40 మిల్లీగ్రాములు) లోపు ఉంటే ఇబ్బంది లేదు. ఆ బ్యాక్టీరియా ఇల్లే స్పంజి. క్లోరిన్ నీళ్లతో కడిగితే అది చచ్చిపోతుంది, నీళ్లు తేటగా కనిపిస్తూనే చేపలు పైకి తేలి ఊపిరికి ఆవలిస్తాయి. అందుకే గాలి మోటారుతో నడిచే స్పంజి ఫిల్టరు ఒకటి అదనంగా కొనండి, పెద్ద ఖర్చు కాదు.

ఈ బ్యాక్టీరియా పూర్తిగా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టి కొన్న రోజే చేపలు వేస్తే మొదటి రెండు వారాల్లోనే చావులు మొదలవడానికి కారణం ఇదే. ఖాళీ తొట్టిలో ఫిల్టరు నడుపుతూ రోజూ చిటికెడు మేత వేసి కుళ్లనివ్వండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ ముందు పెరిగి, తర్వాత సున్నాకు దిగాక చేపలు తెచ్చుకోండి. వీటిని కొలిచే చుక్కల టెస్టు కిట్టు సెట్టులో ఇవ్వరు. ఈ పెట్టెలో నిజంగా ఉండాల్సిన వస్తువు అదొక్కటే.

ఈ ప్రాంతానికి అసలు పరీక్ష మే నెల. బయట 46 డిగ్రీలున్నప్పుడు గదిలో నీళ్లు 32 దాటతాయి. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 32 దగ్గర 7.3 మాత్రమే పట్టుకుంటాయి. అమ్మోనియా సంగతి ఇంకా ప్రమాదం. నీళ్లు 25 డిగ్రీలు, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం కొలత) 7 ఉంటే అమ్మోనియాలో విషంగా పనిచేసే వంతు నూటికి ఒకటి కూడా ఉండదు. 30 డిగ్రీలు, పీహెచ్ 8 అయితే ఏడు దాటుతుంది. బోరు నీళ్లు వాడేవారు పీహెచ్ తప్పక కొలవాలి. మూత తీసి, నీటి మీదికి వీచేలా చిన్న క్లిప్పు ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. మన పొడి గాలిలో ఇది సముద్రపు ఒడ్డు ఊళ్లలో కంటే బాగా పనిచేస్తుంది. తొట్టిని నేరుగా కూలర్ ముందు పెట్టొద్దు. కూలర్ ఆడుతున్నంతసేపు చల్లబడి, ఆపగానే వేడెక్కితే ఆ హెచ్చుతగ్గులకే చేప నీరసిస్తుంది. ఐసు గడ్డలు వేయడమూ అంతే. కరెంటు పోతే మేత ఆపి, బ్యాటరీ గాలి మోటారు పెట్టండి.

చలికాలం రాత్రులకు హీటరు కావాలి, కానీ లీటరుకు ఒక వాటు లెక్కన 50 వాట్లు సరిపోతుంది. 100 వాట్లదైతే లోపలి స్విచ్ ఇరుక్కున్న రోజు నీళ్లు గబగబా వేడెక్కి చేపలు ఉడికిపోతాయి.

మేత ప్యాకెట్టు మీద తయారీ తేదీ, ప్రోటీన్ శాతం లేకపోతే పక్కన పడేయండి. గప్పీలకు 40 శాతం దాకా ప్రోటీన్ ఉన్న, అర నుంచి ఒక మిల్లీమీటరు గుళికలు మంచివి. రోజుకు రెండుసార్లు, ఒకటి రెండు నిమిషాల్లో తినేంత వేయండి. వారంలో ఒక రోజు పస్తు పెట్టినా ఏమీ కాదు. గోల్డ్‌ఫిష్‌కు గుళికల్ని నిమిషంపాటు నానబెట్టి వేస్తే గాలి మింగదు. ఉడికించి పొట్టు తీసిన బఠాణీ కూడా పెట్టొచ్చు. బ్రెడ్డు, అన్నం, మరమరాలు వద్దు. మురుగు కాలువల్లో పట్టిన ఎర్ర పురుగులతో తెగుళ్లు వస్తాయి. తెరిచిన ప్యాకెట్టును గాలి చొరని డబ్బాలో పోసి మూడు నెలల్లో వాడేయండి, వానాకాలంలో బూజు పట్టే మేత ఎక్కువ.

సెట్టుతోపాటు ఉచితంగా ఇచ్చే "షార్క్" పిల్లను మాత్రం తీసుకోకండి. అది పంగాసియస్, పెరిగితే నాలుగడుగులు దాటగలదు. గోల్డ్‌ఫిష్‌కూ ఈ తొట్టి చాలదు. ఎనిమిది గప్పీలతో ఆపండి. అవి పిల్లలు పెడుతూనే ఉంటాయి, కాబట్టి అన్నీ మగవే తీసుకుంటే లెక్క దాటదు.

వారానికోసారి 12 లీటర్లు, అంటే పావు వంతు, పైపుతో అడుగు రాళ్లలోని చెత్తతో సహా లాగేయాలి. ముందు హీటరు ప్లగ్గు తీయండి, వేడి గాజు గాలి తగిలితే పగులుతుంది. బకెట్టులో పడ్డ ఆ పాత నీళ్లలోనే స్పంజిని రెండుసార్లు పిండండి. కొత్త నీళ్లు తొట్టి వేడికి ఒకటి రెండు డిగ్రీల తేడాలో ఉండాలి, గిన్నె అడ్డం పెట్టి మెల్లగా పోయండి. ఎండాకాలంలో ఆవిరైన మేరకు నింపుతూ పోవడం నీళ్లు మార్చినట్టు కాదు. ఆవిరిగా పోయేది నీరు మాత్రమే, లవణాలు తొట్టిలోనే పేరుకుంటాయి.