ఆకు మీద కొట్టే ఎరువులు: చాలా సీజన్లు వాడాక నా మాట

ఉండేది అత్తాపూర్‌లో, పొలం చేవెళ్ల దగ్గర. పత్తి, మొక్కజొన్న వేస్తాం. 19-19-19, 13-0-45 (ఈ అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు), జింక్ సల్ఫేట్, మెగ్నీషియం సల్ఫేట్, సీసాలో ద్రవంగా వచ్చే నానో యూరియా అన్నీ కొట్టించి చూశాను. ఏ కంపెనీ ప్యాకెట్ మంచిదని తెలిసినవాళ్లు అడుగుతుంటారు. నన్నడిగితే అసలు తేడా నీళ్ల దగ్గరే వస్తుంది.

మా దగ్గర కూలీ ట్యాంకు లెక్కన ఇస్తాం. అందుకే ఎకరాకు ఆరు ట్యాంకులతో సరిపెట్టేస్తారు. 16 లీటర్ల ట్యాంకులు ఆరంటే వంద లీటర్లు కూడా కాదు. పత్తి నడుమెత్తు పెరిగాక 200 లీటర్లు పడితే గానీ ఆకు అడుగు తడవదు. పత్రరంధ్రాలు ఎక్కువ ఉండేది ఆ అడుగునే. నీళ్లు సగానికి తగ్గించి, ప్యాకెట్లు మాత్రం ఎకరా లెక్క ప్రకారం రెండు కిలోలూ కలిపేస్తే, లీటరుకు 10 గ్రాములు పడాల్సిన 13-0-45 ఇరవై దాటుతుంది. ఆకు అంచులు మాడతాయి. ఇక మందు నకిలీదంటూ షాపువాడి మీద పడతారు.

నాకు బాగా కలిసొచ్చింది ఈ 13-0-45 నే, అదీ ముసురు పట్టి చేలో నీళ్లు నిలిచినప్పుడు. వేర్లకు గాలి ఆడక మొక్క వాలిపోతుంది, నేలలో ఏం వేసినా తీసుకోలేదు. ముందు కాలువ తీసి నీళ్లు వదిలేసి, వారం తేడాతో రెండుసార్లు కొడితే చేను తేరుకుంటుంది. మొక్కజొన్న లేత ఆకుల్లో తెల్ల చారలు కనిపిస్తే జింక్ సల్ఫేట్ లీటరుకు 2 గ్రాములు చాలు. పాత చారలు పోవు, దానికి టెన్షన్ అక్కర్లేదు, కొత్తగా వచ్చే ఆకు చూడండి. పత్తి కింది ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి మధ్యలో ఎర్రబడితే మెగ్నీషియం సల్ఫేట్ లీటరుకు 10 గ్రాములు కొట్టాలి. పచ్చదోమ రసం పీల్చినా ఆకు ఎర్రబడుతుంది కాబట్టి కొనేముందు ఆకు తిప్పి చూసుకోవాలి.

నానో యూరియాకు మాత్రం మార్కులు వేయలేను. నేను వాడింది 4 శాతంది. అరలీటరు సీసాలో నత్రజని 20 గ్రాములు. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోల పైనే ఉంటుంది. సీసాను నమ్మి బస్తా తగ్గించిన చోట మొక్కజొన్న పాలిపోయింది. ఆ మాటకొస్తే 19-19-19 కిలో ప్యాకెట్‌లోనూ నత్రజని 190 గ్రాములే. ఇవన్నీ పై సాయం కిందే లెక్క, దుక్కిలో వేసేది వేయాల్సిందే.

కొట్టేది పొద్దున్నే, లేదా ఎండ తగ్గాక. మిట్టమధ్యాహ్నం కొడితే చుక్క ఆరిపోయి ఆకు మీద తెల్లపొడి మిగులుతుంది. కాల్షియం నైట్రేట్‌ను ఫాస్ఫేట్‌తో గానీ సల్ఫేట్‌తో గానీ కలపొద్దు, పాలు విరిగినట్టు విరిగి నాజిల్ మూసుకుపోతుంది. 2,4-డీ అనే కలుపు మందు కొట్టిన పంపును పత్తి చేలోకి అసలు రానివ్వను, ట్యాంకులో కాస్త మిగిలినా ఆకులు ముడుచుకుపోతాయి.

ఈమధ్య డ్రోన్‌వాళ్లు పది నిమిషాల్లో ఎకరా అయిపోతుందంటున్నారు. వాళ్లు ఎకరాకు వాడేది 10 లీటర్ల నీళ్లు. రెండు కిలోల 13-0-45 అందులో కలిపితే లీటరుకు 200 గ్రాములు! పురుగు మందుకైతే పిలుస్తున్నాను, ఈ ఎరువులకు మాత్రం ట్యాంకుకు డబ్బులిచ్చి మనిషితోనే కొట్టిస్తున్నాను.