వాల్‌గ్రిండ్ మెమ్‌చెక్: నడుస్తున్న ప్రోగ్రామును బిట్టు బిట్టుగా పరిశీలించే టూల్

సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో రాసిన ప్రోగ్రాము తనది కాని మెమరీని తాకిన వెంటనే ఆగిపోతే డెవలపర్‌కు అది మేలే, ఎందుకంటే తప్పు ఉన్న చోటే బయటపడుతుంది. చాలాసార్లు అలా జరగదు. విడుదల చేసేసిన బ్లాకును మళ్లీ చదివినా అందులో పాత విలువే మిగిలి ఉండవచ్చు, హద్దు దాటి రాసిన బైటు ఎవరూ వాడని చోట పడవచ్చు. టెస్టులన్నీ పాసై, ప్రోగ్రాము కస్టమర్ సర్వర్‌కు చేరాక, అదే తప్పు ఏ సంబంధమూ లేని మరో ఫంక్షన్‌లో క్రాష్‌గా తేలవచ్చు. ఇటువంటి తప్పులను అవి జరిగిన క్షణంలోనే పట్టి చూపే వాల్‌గ్రిండ్‌ను, ముఖ్యంగా అందులోని మెమ్‌చెక్‌ను, లైనక్స్ మీద చాలాకాలంగా వాడుతున్నాను. దీనికంటే ఎంతో వేగంగా పనిచేసే టూల్స్ ఇప్పుడు ఉన్నాయి. అయినా తొలి విలువ ఇవ్వకుండా వాడిన మెమరీని పట్టుకోవడంలో దీనంత సులువుగా అందే సాధనం మరొకటి నాకు కనిపించలేదు. అయితే రిపోర్టును ఓపికగా చదివి, దాని వెనుక ఉన్న కారణాన్ని వెతికేవారికే ఇది పూర్తిగా ఉపయోగపడుతుంది.

జూలియన్ సీవర్డ్ ప్రారంభించిన ఈ ప్రాజెక్టు 2002లో విడుదలైంది. జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద ఉచితంగా లభిస్తుంది, ఉబుంటు, ఫెడోరా వంటి డిస్ట్రిబ్యూషన్లలో ఒక్క ఆదేశంతో ఇన్‌స్టాల్ అవుతుంది, విండోస్‌కు మాత్రం లేదు. థ్రెడ్ల తప్పులకు హెల్‌గ్రిండ్, హీప్ (నడుస్తుండగా ప్రోగ్రాము అడిగి తీసుకునే మెమరీ) వాడకాన్ని కొలవడానికి మాసిఫ్, ఏ ఫంక్షన్‌లో ఎంత పని జరుగుతోందో చూడటానికి కాల్‌గ్రిండ్ ఇందులోనే ఉన్నాయి. వాటి గురించి ఇక్కడ చెప్పడం లేదు.

మెమ్‌చెక్ వాడటానికి ప్రోగ్రామును మళ్లీ కంపైల్ చేయనక్కర లేదు. వాల్‌గ్రిండ్ ఆ బైనరీలోని మెషీన్ ఆదేశాలను చిన్న చిన్న భాగాలుగా తీసుకుని, తన అంతర్గత రూపంలోకి మార్చి, వాటి మధ్య తనిఖీ ఆదేశాలను చేర్చి, మళ్లీ మెషీన్ కోడ్‌గా తయారుచేసి నడిపిస్తుంది. అందువల్ల సోర్స్ కోడ్ మన చేతిలో లేని లైబ్రరీ లోపల జరిగే తప్పు కూడా దీని కంటపడుతుంది. బయటి వెండార్ ఇచ్చిన లైబ్రరీలతో పనిచేసేవారికి ఈ ఒక్క గుణమే పెద్ద ఆసరా.

ఇక ఈ టూల్‌లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచే విషయానికి వస్తాను. ప్రోగ్రాము వాడే ప్రతి బైటుకూ, ఆ చిరునామాను తాకవచ్చా లేదా అనే గుర్తును మెమ్‌చెక్ తన దగ్గర ఉంచుకుంటుంది. అంతటితో ఆగకుండా, ప్రతి బిట్టుకూ అందులో ఉన్నది ప్రోగ్రాము నిజంగా ఇచ్చిన విలువేనా అనే మరో గుర్తును కూడా నిలుపుకుంటుంది. విలువ ఇవ్వని మెమరీని ఒక చోట నుంచి మరో చోటికి కాపీ చేసినంత మాత్రాన అది ఫిర్యాదు చేయదు, ఎందుకంటే మంచి ప్రోగ్రాములు కూడా స్ట్రక్చర్లను కాపీ చేసేటప్పుడు ఆ పని నిత్యం చేస్తుంటాయి. ఆ విలువ మీద ఒక ఇఫ్ నిర్ణయం ఆధారపడినప్పుడు, అది చిరునామాగా మారినప్పుడు, లేదా సిస్టమ్ కాల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌ను పని అడిగే పిలుపు) ద్వారా ప్రోగ్రాము దాటి బయటికి వెళ్లబోయినప్పుడు మాత్రమే హెచ్చరిస్తుంది. ఈ సంయమనం వల్లనే దీని హెచ్చరికలను నమ్మబుద్ధి అవుతుంది.

ఉదాహరణకు, ఒక చార్, దాని వెంట ఒక ఇంట్ ఉన్న స్ట్రక్చర్‌లో ఆ రెండిటి మధ్య కంపైలర్ సాధారణంగా 3 బైట్ల ఖాళీ వదులుతుంది. రెండు ఫీల్డులకూ సరైన విలువలే ఇచ్చి, ఆ స్ట్రక్చర్‌ను యథాతథంగా సాకెట్‌లోకి రాస్తే, ఆ 3 బైట్లలో అంతకుముందు ఉన్న మెమరీ అవశేషాలు నెట్‌వర్క్ మీదికి వెళ్లిపోతాయి. కోడ్ రివ్యూలో ఇది ఎంతో అనుభవం ఉన్నవారి కంటికి కూడా తరచుగా ఆనదు. రైట్ కాల్‌కు ఇచ్చిన బఫర్‌లో విలువ లేని బైట్లు ఉన్నాయని మెమ్‌చెక్ ఏ వరుసలో జరిగిందో సహా చెబుతుంది. ట్రాక్ ఆరిజిన్స్ ఆప్షన్ పెడితే ఆ మెమరీ ఏ కేటాయింపు నుంచి వచ్చిందో కూడా చూపుతుంది. అందుకు మరింత సమయం, మరింత మెమరీ తీసుకుంటుంది.

ఈ రకమైన హెచ్చరికను సరిగా చదవకపోతే ఏమవుతుందో డెబియన్ అనే లైనక్స్ డిస్ట్రిబ్యూషన్ చరిత్రలో ఉంది. 2006లో డెబియన్‌వారి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) ప్యాకేజీలో, విలువ ఇవ్వని మెమరీ వాడుతున్నారన్న ఇటువంటి హెచ్చరికలను తొలగించడానికి యాదృచ్ఛిక సంఖ్యల కోడ్‌లో రెండు వరుసలను తీసేశారు. వాటిలో ఒకటి, ఇతర చోట్ల నుంచి సేకరించిన యాదృచ్ఛికతనంతా కలిపే వరుస. దాంతో మిగిలిన యాదృచ్ఛికత దాదాపు ప్రాసెస్ నంబరుకే, అంటే గరిష్ఠంగా 32,768 విలువలకే పరిమితమైంది. డెబియన్ డెవలపర్ లూసియానో బెల్లో దీన్ని కనుగొన్నాక 2008 మే నెలలో బయటపెట్టేవరకు డెబియన్, ఉబుంటు యంత్రాల మీద దూర యంత్రాల్లోకి లాగిన్ అయ్యేందుకు వాడే, ఊహించగలిగిన ఎస్‌ఎస్‌హెచ్ కీలు తయారవుతూనే ఉన్నాయి. టూల్ చెప్పింది అబద్ధం కాదు. ఆ మెమరీకి తొలి విలువ లేదన్నంత వరకే అది చెప్పగలదు. ఆ వరుస అక్కడ ఎందుకు ఉందో తెలుసుకోవలసిన బాధ్యత మనుషులది. అందుకే హెచ్చరిక ఆగేదాకా కోడ్‌ను అటూ ఇటూ మార్చే పద్ధతిని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను.

దీని పెద్ద లోపం వేగం. ప్రోగ్రాము 20 నుంచి 30 రెట్లు నెమ్మదించవచ్చని దీని మార్గదర్శినే చెబుతోంది. పైగా థ్రెడ్లు ఎన్ని ఉన్నా ఒకసారికి ఒక్కదాన్నే నడుపుతుంది కాబట్టి, ఎక్కువ కోర్లు ఉన్న యంత్రం వల్ల పెద్దగా లాభం ఉండదు, టైమవుట్లు ఉన్న సర్వర్ ప్రోగ్రాముల ప్రవర్తనే మారిపోవచ్చు. గూగుల్‌లో తయారైన అడ్రెస్ శానిటైజర్ అనే టూల్ తనిఖీలను కంపైల్ చేసేటప్పుడే చేరుస్తుంది. 2012లో దాని రూపకర్తలు ప్రచురించిన పత్రంలో సగటు నెమ్మది 73 శాతం మాత్రమే. అంతేకాక స్టాక్ (ఫంక్షన్ల లోపలి చరరాశులుండే మెమరీ) మీది అర్రేలు, గ్లోబల్ అర్రేల హద్దు దాటడాన్ని కూడా అది పట్టుకుంటుంది. ఒక ఫంక్షన్‌లో 10 అంకెల అర్రే పెట్టుకుని 11వ స్థానంలో రాస్తే మెమ్‌చెక్ సాధారణంగా మౌనంగా ఉండిపోతుంది, ఎందుకంటే దాని దృష్టిలో ఆ స్టాక్ అంతా చెల్లుబాటయ్యే మెమరీయే. సీ నేర్చుకుంటున్న ఇంజనీరింగ్ విద్యార్థులు ఈ తేడాను తప్పక గుర్తుంచుకోవాలి, వారి తొలి తప్పులు ఎక్కువగా ఇటువంటి అర్రేలలోనే జరుగుతాయి. అయితే తొలి విలువ లేని మెమరీ గురించి అడ్రెస్ శానిటైజర్ ఏమీ చెప్పదు. అందుకోసం క్లాంగ్ కంపైలర్‌లో ఉన్న మెమరీ శానిటైజర్ వాడాలంటే ప్రోగ్రాముతో పాటు అది వాడే లైబ్రరీలన్నిటినీ అలాగే కంపైల్ చేయాలి. ఈ కారణంగా, ప్రతి కోడ్ మార్పుకూ అడ్రెస్ శానిటైజర్‌ను, రాత్రిపూట నడిచే టెస్టులకు మెమ్‌చెక్‌ను కేటాయించడం సరైన ఏర్పాటని భావిస్తున్నాను. రెండిటినీ ఒకే బైనరీ మీద కలిపి నడపడం కుదరదు, వేర్వేరు బిల్డులు కావాలి.

రెండిటికీ వర్తించే హద్దు ఒకటుంది. అమలైన దారిలోని తప్పునే ఇవి చూడగలవు. ఫైల్ తెరుచుకోనప్పుడు నడిచే కోడ్‌ను ఏ టెస్టూ నడపకపోతే, అక్కడి తప్పు గురించి సున్నా ఎర్రర్లున్న రిపోర్టు ఏమీ తెలియజేయదు.

వాడకంలో కొన్ని జాగ్రత్తలు అవసరం. డీబగ్ సమాచారంతో కంపైల్ చేయకపోతే రిపోర్టులో వరుస సంఖ్యలు ఉండవు. ఓ2 స్థాయి ఆప్టిమైజేషన్‌తో అప్పుడప్పుడు లేని తప్పులను చూపే అవకాశముంది కాబట్టి ఓ1 మేలు. లీకుల (విడుదల చేయకుండా వదిలేసిన మెమరీ) జాబితాలో డెఫినిట్‌లీ లాస్ట్ అన్నవాటిని ముందు సరిచేయాలి. స్టిల్ రీచబుల్ అన్నవి చాలావరకు ప్రోగ్రాము ముగిసేవరకు కావాలనే ఉంచుకున్నవి. ప్రోగ్రాము వేరే ప్రోగ్రాములను ప్రారంభిస్తే, ట్రేస్ చిల్డ్రన్ ఆప్షన్ లేనిదే వాటిని మెమ్‌చెక్ పరిశీలించదు. మరీ ముఖ్యంగా, ఆటోమేటిక్ బిల్డులలో పెట్టేవారు ఎర్రర్ ఎగ్జిట్‌కోడ్ ఆప్షన్‌కు సున్నా కాని విలువ ఇవ్వాలి. అది ఇవ్వకపోతే వాల్‌గ్రిండ్ మన ప్రోగ్రాము తిరిగిచ్చిన ఎగ్జిట్ కోడ్‌నే (సున్నా అంటే విజయం) యథాతథంగా బయటికి పంపుతుంది, లాగ్‌లో ఎన్ని తప్పులు నమోదైనా ఆ బిల్డు పాస్ అయినట్టే కనిపిస్తుంది.