ఊరి స్వచ్ఛంద సంస్థకు ఏ డబ్బు మేలు: విదేశీ నిధులా, సీఎస్‌ఆరా (కంపెనీల సామాజిక బాధ్యత నిధులా)?

విదేశీ నిధుల బలం ఓపిక. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ) ఇళ్లు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి కట్టగలిగిందంటే వెనుక దశాబ్దాల స్పెయిన్ దాతల చందాలున్నాయి. కానీ ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద అనుమతి లేనిదే రూపాయి ముట్టకూడదు. ఐదేళ్లకోసారి రెన్యూవల్ టెన్షన్. అది ఆగితే సిబ్బంది జీతాలూ ఆగుతాయి. 2020 సవరణతో డబ్బు ముందుగా ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి, పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు. అన్నిటికన్నా గట్టి దెబ్బ మరొకటి: పెద్ద సంస్థ తనకొచ్చిన విదేశీ నిధిని చిన్న సంస్థకు పంచకూడదు. మండల స్థాయి సంఘాలు చాలావరకు బతికింది ఆ దారినే.

సీఎస్‌ఆర్‌కు 2013 కంపెనీల చట్టం అండ. అర్హత ఉన్న కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి. సంస్థకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ నమోదులు, కంపెనీల వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 నమోదు, మూడేళ్ల అనుభవం ఉంటే చాలు. చిక్కేంటంటే, కంపెనీలకు ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఊళ్లే ముద్దు, ఫొటోలో కనిపించే పనే ఇష్టం. ఆర్వో ప్లాంటుకైతే సరే. కూలీల హక్కుల మీటింగులకా? ‘చూద్దాం’ అంటారు.

చిన్న సంస్థలు సీఎస్‌ఆర్‌తోనే మొదలెట్టడం మేలంటాను. హక్కుల పనికి మాత్రం విదేశీ నిధే దిక్కు. ఎఫ్‌సీఆర్‌ఏ నమోదుకు గత మూడేళ్లలో కనీసం 15 లక్షల ఖర్చు చూపాలి, కాబట్టి మంచి ఆడిటర్‌ను ఇప్పుడే పట్టుకోండి.