వెన్న వాసన, రెండు మీటర్ల తీగ

సెన్సారు చూపే వేడిని బట్టి ఫ్రిజ్జును వేసి, ఆపే ఈ టెంపరేచర్ కంట్రోలర్ కొని ఏడేళ్లయింది. నాలుగేళ్లు షికాగోలో పాత ఫ్రిజ్జుకు తగిలించి, చల్లగా పులియబెట్టే లాగర్ బీరు కాచాను. 110, 220 వోల్టులు రెండింటికీ పనిచేసే రకం కనుక తిరుపతికి వెంట తెచ్చుకున్నాను. దీనిలో నాకు ముద్దొచ్చేది ఒక్కటే, ఆ రెండు మీటర్ల సెన్సారు తీగ.

మొదటి ఏడాది తిట్టుకున్నదీ దాన్నే. వరుసగా మూడుసార్లు కాచిన బీరు చెడింది. సీసా మూత తీస్తే అమ్మ వెన్న కాస్తున్నప్పటి వాసన! నేతికైతే సరే, చల్లని లాగర్‌లో అది నాలుకకు జిడ్డులా అంటుకుంటుంది. శుభ్రత చాలలేదేమోనని గొట్టాలు మార్చాను, ఈస్టు మార్చాను. వాసన పోలేదు.

తీరా చూస్తే సెన్సారును ఫ్రిజ్జులో గాలికి వేలాడదీశాను. అది చూపేది 10 డిగ్రీలే. పులిసే ద్రవం తానే వేడి పుట్టిస్తుంది కదా, డబ్బాలో 13 దాటుతోంది. ఆ వేడికి వెన్న వాసననిచ్చే డయాసిటైల్ ఎక్కువైంది. చివర్లో దాన్ని తిరిగి మింగాల్సిన ఈస్టేమో, పులియడం మందగించి డబ్బా మళ్లీ చల్లబడేసరికి నిద్రలోకి జారుకుంది.

నాలుగోసారి సెన్సారును డబ్బా గోడకు ఆనించి, పైన స్పాంజి ముక్క పెట్టి టేపు చుట్టాను. పులియడం ముప్పావు వంతు అయ్యాక, ఈస్టు నిద్రపోకుండా 17 డిగ్రీలకు పెంచి మూడు రోజులు ఉంచాను. సీసాలకెక్కించే ముందు రెండు గ్లాసుల్లో కొంచెం తీసి, దాగిన వెన్న వాసన ఉంటే వేడికి బయటపడుతుందని ఒకదాన్ని 65 డిగ్రీల నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచి, చల్లార్చి వాసన చూశాను. రెండింటిలోనూ వెన్న జాడ లేదు. పక్క ఫ్లాట్‌లోని మదనపల్లె మిత్రుడు గ్లాసు ఖాళీ చేసి, “ఏమప్పా, ఈసారి నెయ్యి పోయలేదా?” అన్నాడు.

ఒకసారి అమర్చి మరిచిపోవచ్చని అప్పట్లో అందరికీ చెప్పేవాణ్ణి. ఐదో ఏట నుంచి మంచునీళ్లలో ముంచినా సున్నాకు బదులు 1.4 చూపిస్తోంది. అప్పుడప్పుడూ సరిచేసుకోక తప్పదు.

ఇక్కడ లైసెన్సు లేకుండా బీరు కాయడం నేరం. అందుకే ఇప్పుడు దాని పనల్లా దోసెల పిండిని 26 డిగ్రీల దగ్గర ఉంచడమే. మే నెలలో రాత్రి రుబ్బిన పిండి తెల్లవారేసరికి గిన్నె దాటి పొంగేది, ఆ బెడద తప్పింది. కరెంటు పోయి రాగానే కంప్రెసర్‌ను కొన్ని నిమిషాలు ఆపి ఉంచే ఏర్పాటు షికాగోలో ఎన్నడూ అక్కరపడలేదు, ఇక్కడ ఆ ఏర్పాటే ఫ్రిజ్జును కాపాడుతోంది. ఇంట్లో రెండో ఫ్రిజ్జు ఖాళీగా ఉంటే కొనవచ్చు. దీనికోసమే ఫ్రిజ్జు కొనమని మాత్రం చెప్పలేను. దోసెల పిండికి ఇంత కరెంటా అని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతోంది.