బ్రాందీషాపు తాతగారి కోసం ఆరేళ్ళు: ఏ చందా పనికొచ్చింది, ఏది దండగ

2020 లాక్‌డౌన్‌లో మా అత్తగారు అల్మరా సర్దుతూ ఒక పాత ఫొటో తీశారు. దక్షిణ లండన్‌లో ఏదో వీధి మూల, ఒక గుమ్మం, గుమ్మంలో ఏప్రన్ కట్టుకుని నిలబడ్డ లావుపాటి మనిషి. "మా ముత్తాతకి నాన్న. ఈయనకి మూడు హోటళ్ళుండేవి" అన్నారు. మావారు ఇంగ్లీషాయన, ఇలాంటివాటి మీద ఆయనకి బొత్తిగా ఆసక్తి లేదు. వెతుకులాట నా నెత్తిన పడింది. గుంటూరు ఫోన్ చేసి చెబితే అమ్మ ఒకటే మాటంది: "అయితే బ్రాందీషాపు వాళ్ళింటికి కోడలివయ్యావన్నమాట!"

అమ్మ మాటే నిజమైంది. హోటళ్ళు కావు, పబ్బులు. ఈ ఆరేళ్ళలో ఆయన కోసం నేను కట్టిన చందాలు, తిరిగిన రికార్డు గదులు, ఏది ఎంతవరకు అక్కరకొచ్చిందో రాస్తున్నాను. ఇంగ్లండులో పబ్బు నడిపినవాళ్ళ కోసం వెతికే తెలుగువాళ్ళు ఎంతమంది ఉంటారో గానీ, మా పిల్లల తరానికి ఇలాంటి తాతలు చాలామందికే తగులుతారు.

ముందు దండగ సంగతి. పేరు చెప్పను గానీ, ఒక పెద్ద వంశవృక్షాల సైటుకి రెండేళ్ళు పూర్తి చందా కట్టాను. మొదటి వారం పండగే. పేరు కొట్టగానే ఆకులు మెరుస్తాయి, "మీ పూర్వీకుడు ఈయనేనా?" అని అడుగుతుంది. అవునంటే చాలు, ఇంకో పది తరాలు గుమ్మరిస్తుంది. అక్కడే బోల్తా పడ్డాను. ఎవరో ముగ్గురు తమ చెట్లలో మా తాతగారికి వేరే ఊరి భార్యని అంటగట్టారు, ఒకరిని చూసి ఒకరు ఎక్కించుకున్నారు. నేనూ కళ్ళు మూసుకుని ఎక్కించుకున్నాను. ఆ తప్పు విప్పుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. పైగా గడువు దాటగానే అడక్కుండా ఇంకో ఏడాది చందా లాగేశారు. తర్వాత తెలిసిందేమిటంటే, ఇక్కడ చాలా పబ్లిక్ లైబ్రరీల కంప్యూటర్ల మీద ఇలాంటి పెద్ద సైట్లు ఉచితంగానే చూడొచ్చు.

జనాభా లెక్కలకి మాత్రం ఆ సైట్లు పనికొస్తాయి. ఇంగ్లండులో 1841 నుంచి పేర్లతో సహా పదేళ్ళకోసారి లెక్కలున్నాయి. 1931వి అగ్నిప్రమాదంలో పోయాయి, 1941లో అసలు తీయలేదు. 1851లో మార్చి 30 రాత్రి ఎవరెక్కడ పడుకున్నారో అక్కడే రాశారు. మా తాతగారు దొరికింది అక్కడే: వృత్తి లైసెన్స్‌డ్ విక్చువలర్, అంటే లైసెన్సు తీసుకుని పబ్బు నడిపేవాడు. రాయడం అలా రాసినా పలకడం "విట్లర్" అనే, మా అత్తగారు నవ్వి దిద్దారు. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, ఒక పనమ్మాయి, గ్లాసులు ఏరే కుర్రాడొకడు. మన తర్పణాల్లో మూడు తరాల పేర్లు చెప్పి ఊరుకుంటాం. వీళ్ళకి ఆ మూడూ నోటికి రావు గానీ, కాగితం మీద గ్లాసులు ఏరే కుర్రాడి వయసు కూడా దొరుకుతుంది.

పబ్బు పేరు రెడ్ లయన్. ఇక చూడండి నా అవస్థ. మన ఊళ్ళలో ఆంజనేయస్వామి గుడి ఎన్ని చోట్ల ఉంటుందో ఈ దేశంలో రెడ్ లయన్ అన్ని చోట్ల ఉంటుంది. వీధి నంబర్లు పట్టుకుందామంటే, 1850ల చివర్నుంచి లండన్‌లో ఎన్నో వీధులకి పేర్లూ నంబర్లూ మార్చేశారు. అందుకే మనిషిని వదిలేసి ఇంటిని పట్టుకోమంటాను. పబ్బు వీధి మూలలోంచి కదలదు. స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం పాత సర్వే మ్యాపుల్ని ఉచితంగా పెట్టింది, ఇప్పటి మ్యాపు పక్కనే పాతది తెరిచి చూసుకోవచ్చు. "పి.హెచ్." అని రెండక్షరాలు కనిపిస్తే అది పబ్లిక్ హౌస్. నేను వాడినవాటిలో దీనికే మొదటి మార్కు. పైసా ఖర్చు లేదు.

లైసెన్సు రిజిస్టర్ల మీద చాలా ఆశ పెట్టుకుని క్లర్కెన్‌వెల్‌లోని లండన్ ఆర్కైవ్స్‌కి (2024 దాకా దీని పేరు లండన్ మెట్రోపాలిటన్ ఆర్కైవ్స్) వెళ్ళాను. వెళ్ళేముందు చట్టం చదువుకుని ఉంటే ఒక రోజు సెలవు మిగిలేది. 1753 నుంచి 1828 దాకా మేజిస్ట్రేట్ల దగ్గర పబ్బువాళ్ళు రాసిచ్చిన పూచీకత్తుల్ని రిజిస్టర్లలో ఎక్కించేవారు. 1828 చట్టంతో ఆ పూచీకత్తు పోయింది. మళ్ళీ రిజిస్టరు తప్పనిసరి చేసింది 1872 చట్టం. మా తాతగారు కల్లోకొచ్చి పరిహాసమాడినట్టు సరిగ్గా ఆ మధ్యలోనే వ్యాపారం చేశాడు.

ఆయన్ని నిజంగా పట్టిచ్చింది లండన్ గెజెట్. 1665లో మొదలైన ప్రభుత్వ పత్రిక, ఇప్పుడు మొత్తం ఆన్‌లైన్‌లో ఉచితం. అప్పులపాలై కోర్టుకెక్కినవాళ్ళ ప్రకటనలు అందులో వేసేవారు. ఏ ఊళ్ళో అప్పిచ్చినవాడైనా గుర్తుపట్టాలి కదా, అందుకని ఆ మనిషి కాపురమున్న ప్రతి చిరునామా, చేసిన ప్రతి పనీ వరసగా రాసేవారు. ఒక రాత్రి పదకొండింటికి మా తాతగారి ప్రకటన తెరిచాను. మొదట రెడ్ లయన్‌లో విట్లర్, తర్వాత ఇంకో వీధిలో బీరు చిల్లర వ్యాపారి, ఆ తర్వాత ఎవరింట్లోనో అద్దెగదిలో, చివర్న "ఏ వ్యాపారమూ లేదు". ఏడేళ్ళ బతుకు ఒకే వాక్యంలో, మధ్యలో ఒక్క ఫుల్‌స్టాప్ లేకుండా. అత్తగారికి ఆ రాత్రి చెప్పలేదు.

అప్పుడర్థమైంది, ఆ "మూడు" ఆయన సొంతం కావని. ఇల్లు బీరు కంపెనీది, ఈయన దాన్ని అద్దెకి తీసుకుని వాళ్ళ బీరే అమ్మాలి. అచ్చం మన కౌలు రైతు. విట్‌బ్రెడ్, ట్రూమన్ లాంటి పాత కంపెనీల లెక్కల పుస్తకాలు కూడా లండన్ ఆర్కైవ్స్‌లోనే ఉన్నాయి. మీ తాత ఏ కంపెనీ పబ్బులో ఉన్నాడో తెలిస్తే అవి అడగండి.

దివాలా తీసినవాడు 1861 లెక్కల్లో మళ్ళీ బీరు అమ్ముతూ కనిపించాడు. ఎలాగా అంటే, 1830 చట్టం పన్ను కట్టే గృహస్థు ఎవడైనా 2 గినీలు (అప్పటి రెండు పౌండ్ల పైచిలుకు) చెల్లించి ఇంట్లో బీరు అమ్ముకోవచ్చంది. తర్వాత రుసుము పెరిగినా, 1869 దాకా ఈ బీరు ఇళ్ళకి మేజిస్ట్రేటు గడప తొక్కే పని లేదు. బ్రాందీ, జిన్ను అమ్మకూడదు, అంతే.

డబ్బు కట్టి ఇప్పటికీ కొనసాగిస్తున్నది ఒకటే, 2011లో మొదలైన బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్. పేరుతో కాదు, పబ్బు పేరు, వీధి పేరు కలిపి వెతకాలి. ఏ పాత పత్రికైనా అచ్చు మసకబారి ఉంటుంది, కంప్యూటరు దాన్ని తప్పు చదువుతుంది, కాబట్టి అక్షరాలు మార్చి మార్చి కొట్టాలి. లైసెన్సు చేతులు మారిన కబుర్లు, దొంగతనాలు, వేలాలు అన్నీ ఉంటాయి. శవపంచాయతీలు కూడా పబ్బులోనే పెట్టేవారని నాకు అక్కడే తెలిసింది. మా తాతగారి బీరు ఇంట్లో ఒకటి జరిగింది. పంచులు పన్నెండుమంది శవాన్ని చూసొచ్చి అదే హాల్లో కూర్చున్నారు. వాళ్ళకి బీరు పోసింది ఎవరో రాయలేదు గానీ నాకు తెలుసు.

ఆయన పోయాక దుకాణం నడిపింది భార్య. 1872 తర్వాతి రిజిస్టర్లో ఈ ఇంటిపేరుతో మొదటిసారి కనిపించే లైసెన్సు ఆవిడదే. సైటులోని చెట్లలో ఆవిడ వృత్తి గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

పోయినేడు ఆ ఫొటోని మంచి స్కానర్లో పెట్టి పెద్దది చేయించాను. గుమ్మం పైన బోర్డు మీద, ఈయన పేరు కింద సన్నటి అక్షరాలు: చిల్లరగా బీరు అమ్ముటకు, ఇక్కడే తాగుటకు లైసెన్సు కలదు. చట్టప్రకారం రాయాల్సిన బోర్డు అది. మొదటి రోజే భూతద్దం పెట్టి ఉంటే సగం కథ తెలిసేది. ప్రింటు తీసి అత్తగారి చేతిలో పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని తాపీగా చదివి, "హోటలని నేనెప్పుడన్నాను?" అన్నారు.