ఆరు నెలలు చదువు, ఆరు నెలలు కొలువు: నాలుగున్నరేళ్ల తర్వాత

ఎన్‌పీఎస్‌హెచ్ (పంపు నోటి దగ్గరి ఒత్తిడి నీరు మరిగే ఒత్తిడి కంటే ఎంత ఎక్కువ ఉందో చెప్పే కొలత) అన్న మాట ఉన్న పేజీని నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి ఫ్లూయిడ్ మెకానిక్స్ పరీక్ష కోసం. సూత్రం గుర్తుపెట్టుకున్నాను, మార్కులు వచ్చాయి. రెండోసారి, ఒక కర్మాగారంలో ఆరు నెలలు పనిచేసి వచ్చాక చదివాను. ఆ రెండు చదువుల మధ్య తేడా కోసమే, చదువు మధ్యలో కొలువు చేయించే కోఆప్ పద్ధతిని నేను ఇప్పటికీ ఇష్టపడుతున్నాను.

నేను చదివింది అమెరికా తూర్పు తీరంలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో, మెకానికల్. అక్కడ చదువూ జీతమిచ్చే పనీ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. నా మొదటి కొలువు మూడో ఏడాది జనవరిలో, పెన్సిల్వేనియాలోని ఒక చిన్న ఊళ్లో దొరికింది. అక్కడ యంత్రాలను చల్లబరిచే నీటిని తోడే పంపు ఒకటి ఉండేది. చలికాలమంతా నిశ్శబ్దంగా తిరిగింది. మే చివరి వారం నుంచి మధ్యాహ్నం అయ్యేసరికి గరగరమని మోత మొదలయ్యేది. అంతకు ముందు వేసవిలోనూ ఇదే జరిగిందట. బేరింగులు మార్చినా మోత పోలేదట. కారణం కనుక్కోమని పని నాకు అప్పగించారు.

పదవీ విరమణకు దగ్గరపడిన టెక్నీషియన్ ఒకాయన పొడవాటి స్క్రూడ్రైవర్ తెచ్చి, దాని మొనను బేరింగు దగ్గర ఆనించి, పిడిని నా చెవికి పెట్టుకోమన్నాడు. సన్నని, నిలకడైన శబ్దం. తర్వాత మొనను పంపు పొట్ట మీదికి జరిపించాడు. డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుంది! పది రోజుల పాటు గంటగంటకూ నీటి ఉష్ణోగ్రత, పీల్చే గొట్టం మీది మీటరు చూపే ఒత్తిడి రాసుకున్నాను. ఒత్తిడి రోజురోజుకూ తగ్గుతోంది. పదకొండో రోజు పంపు ఆపించి, గొట్టంలోని జల్లెడ బయటికి తీశాం. దాని నిండా తడిసి ముద్దయిన తెల్లటి దూది. మన బూరుగు దూదిలాంటిదే. అక్కడి కాటన్‌వుడ్ చెట్లు వేసవి మొదట్లో గాలిలోకి వదులుతాయి. నీటిని చల్లార్చే కూలింగ్ టవర్ గాలిని లాగేటప్పుడు ఆ దూదినీ లాగుతుంది.

అసలు దోషి దూది. వేడి దానికి తోడైంది. నీటి ఆవిరి ఒత్తిడి (చుట్టూ ఒత్తిడి ఇంతకు పడిపోతే నీరు మరుగుతుంది) 10 డిగ్రీల దగ్గర సుమారు 1.2 కిలోపాస్కల్ అయితే, 38 డిగ్రీల దగ్గర 6.6. జల్లెడ పూడి పంపు నోటి దగ్గర ఒత్తిడి పడిపోతుంటే, మధ్యాహ్నపు వెచ్చని నీరు అక్కడే బుడగలుగా మరుగుతోంది. ఆ బుడగలు లోపలికి వెళ్లి, అక్కడి ఎక్కువ ఒత్తిడికి ఒక్కసారిగా నలిగిపోతున్న చప్పుడే ఆ గులకరాళ్లు. ఇంపెల్లర్, అంటే నీటిని తోసే రెక్కల చక్రం, విప్పి చూస్తే కంచు రెక్కల అంచులు చెద తిన్న చెక్కలా ఉన్నాయి. ఆ గుంటల మీద వేలు పెట్టి చూసిన గరుకు నాకింకా గుర్తుంది.

సెప్టెంబరులో తరగతికి తిరిగి వెళ్లాక థర్మల్ సిస్టమ్స్ అధ్యాపకురాలు అదే సమీకరణం బోర్డు మీద రాశారు. అందులో ఆవిరి ఒత్తిడిని ఎందుకు తీసివేస్తారో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. 1906లో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడు హెర్మన్ ష్నైడర్ 27 మంది విద్యార్థులతో ఈ పద్ధతిని మొదలుపెట్టింది ఇలాంటి రోజు కోసమే అనిపించింది.

ఆ ఉత్సాహంలో ఇంటికి ఫోన్ చేసి, జీతంతో ఖర్చులన్నీ గడిచిపోతున్నాయని నాన్నగారికి చెప్పాను. ఇప్పుడు లెక్క చూస్తే అది పూర్తిగా నిజం కాదు. పని చేసిన ఆరు నెలలకు ఫీజు లేని మాట వాస్తవం. కానీ ఆ ఊళ్లో బస్సు లేదు, పాత కారు కొనాల్సి వచ్చింది. నగరంలో గది ఏడాది ఒప్పందం మీద ఉంది. చలికాలం మధ్యలో అందులోకి వచ్చేవాళ్లు దొరక్క మూడు నెలలు రెండు చోట్లా అద్దె కట్టాను.

రెండో కొలువులో జీతం ఎక్కువ. పని మాత్రం పాత డ్రాయింగుల్లోని విడిభాగాల నంబర్లను కంప్యూటర్లోకి ఎక్కించడం. ఆరు నెలలూ అదే. చెవికి స్క్రూడ్రైవర్ అందించే మనిషి ఉంటాడా లేడా అన్నది ఇంటర్వ్యూలో తెలిసే విషయం కాదు.

నాకు ఇప్పటికీ మనసులో ముల్లులా ఉన్నది మూడో కొలువు. ఐదేళ్ల ప్రణాళికలో మూడు కోఆప్‌లు ఉంటాయి. నాది విదేశీ విద్యార్థుల ఎఫ్‌-1 వీసా. చదువులో భాగంగా చేసే పూర్తికాలపు పని, అంటే సీపీటీ, 12 నెలలు నిండితే ఆ డిగ్రీ మీద రావలసిన ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి, పోతుంది. ఇంజనీరింగ్ వాళ్లకు అది ఒక ఏడాది, పైన మరో 24 నెలల పొడిగింపు. అప్పు తీర్చాల్సిన నాకు అది వదులుకునే వీలు లేదు. రెండో కొలువును కూడా వారం ముందే ముగించి, 12 నెలలు నిండకుండా చూసుకున్నాను. నాతో చదివిన స్థానికులు మూడోసారి వెళ్లారు, చాలామంది పాత చోటికే, మరింత బాధ్యత ఉన్న పనిలోకి. ఆ పంపు దగ్గరికి మళ్లీ వెళ్లాలని నాకెంత ఉండేదో!

మొన్న మా పిన్ని కొడుకు, విజయవాడలో ఇంటర్ చదువుతున్నాడు, అడిగాడు: "అక్కా, నేనూ అక్కడే చేరనా?" వెంటనే అవుననలేకపోయాను. నాన్నగారు అప్పుకు ఇల్లు తాకట్టు పెట్టనక్కర్లేకపోతే, మూడు కాదు రెండే కొలువులని ముందే మనసుకు చెప్పుకుని వెళ్లేటట్టయితే, చేరమన్నాను. పుస్తకం చదివి వెంటనే అర్థం చేసుకోగల పిల్లవాడికి ఇంత ఖర్చు అవసరమో కాదో నేను చెప్పలేను. నాకైతే ఆ దూది చేత్తో తీసేవరకు అర్థం కాలేదు. వాడికి ఇంపెల్లర్ ఫోటో పంపాను. "ఇది ఎవరు కొరికారక్కా?" అని తిరిగి రాశాడు.