సూపర్ లీగ్ కేరళ మొదటి సీజన్: గ్యాలరీ టికెట్ కొని చూసినదాన్ని చెబుతున్నా

బ్యాంకు బదిలీ మీద కోళికోడ్ వచ్చి అప్పటికి నాలుగు నెలలు. మాది కాకినాడ. ఫుట్‌బాల్ అంటే నాకు వరల్డ్‌కప్ ఫైనల్ ఒక్కటే, అదీ నిద్ర పట్టకపోతే. అలాంటిది కేరళ ఊళ్ల జట్లు ఆడే ఈ ఫుట్‌బాల్ లీగ్ కోసం 2024 సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా ఎనిమిదో క్లాసు చదివే మావాణ్ణి వెంటేసుకుని ఇక్కడి ఈఎంఎస్ స్టేడియంలో ఏడు మ్యాచ్‌లు చూశాను. అన్నీ కొన్న టికెట్లే, పాసులు కావు. ఐదుకి మూడున్నర ఇస్తాను.

జట్లు ఆరే: కాలికట్ (అంటే కోళికోడే, మా జట్టు), కొచ్చి, కణ్ణూర్, మలప్పురం, త్రిశ్శూర్, తిరువనంతపురం. ఒక్కో జట్టుకి 10 లీగ్ మ్యాచ్‌లు, మొదటి నాలుగు స్థానాల వాళ్లకి సెమీస్. రెండు నెలల్లో ముగిసిపోయింది, సాగదీత లేదు.

పెట్టిన డబ్బుకి గిట్టుబాటు మాత్రం పొరుగు జిల్లాల పంతంలో ఉంది. మా బ్రాంచిలో ఒక పెద్దాయన ఉన్నారు, అందరూ ఇక్కా అని పిలుస్తారు. పాస్‌బుక్ ప్రింట్ చేస్తూ చేస్తూనే మలప్పురం కస్టమర్‌తో వాదనకి దిగేవారు. వెనక లైను పెరుగుతున్నా ఎవరూ విసుక్కోలేదు, వాళ్లూ అందులో దూరారు. కాకినాడ కాజానా, తాపేశ్వరం కాజానా అని కొట్టుకునే మా వైపు ఇలాంటి లీగ్ పెడితే ఏమయ్యేదో!

మలబారులో, అంటే ఈ ఉత్తర కేరళలో, జట్టుకి ఏడుగురేసి ఆడే సెవెన్స్ ఉంటుంది. అది చూస్తూ పెరిగినవాళ్లే గ్యాలరీ నిండా. ఒక్క పాస్ తప్పితే ఊరుకోరు. నాకు మలయాళంలో లెక్కల కంటే ముందు తిట్లు వచ్చాయి. జనంలో మగవాళ్లే ఎక్కువ, అయినా ఇబ్బంది పడలేదు. "చేచ్చీ (అక్కా), ఇటు కూర్చోండి" అని జరిగి చోటిచ్చినవాళ్లే అందరూ.

ఆట సంగతి అంటారా, అక్కడే మార్కులు తగ్గించాను. ఇక్కడ మా మొదటి మ్యాచ్, సెప్టెంబర్ 10న తిరువనంతపురం కొంబన్స్‌తో 1-1. అరగంట గుర్రాల్లా పరిగెత్తారు, గంట దాటాక కాళ్లు ఈడ్చారు. సీజన్‌లో సగం మ్యాచ్‌లు నాకు అలాగే అనిపించాయి. భారం విదేశీయుల మీదే పడింది: కొంబన్స్‌కి బ్రెజిల్ వాళ్లు, మాకు హైతీ నుంచి వచ్చిన బెల్‌ఫోర్ట్, కొచ్చికి డోరియెల్టన్. ఇంకో లోపం, ఆ సీజన్‌లో కణ్ణూర్ జట్టుకీ 'సొంత మైదానం' కోళికోడే. పాపం వాళ్ల అభిమానులు 90 కిలోమీటర్లు రైలెక్కి వచ్చి 'హోమ్ మ్యాచ్' చూడాల్సి వచ్చింది.

టికెట్ యాప్ పేరు చెప్పను. డబ్బు కట్ అయింది, టికెట్ రాలేదు. వాపసుకి తొమ్మిది రోజులు పట్టింది. బ్యాంకులో పనిచేసేదాన్ని కదా, నాకే ఇలా అయితే మిగతావాళ్ల గతేంటి? ఒకసారి పక్క ఊరు వెళ్తే (ఆ ఊరి పేరూ వద్దు) ఇంటర్వెల్‌కే నీళ్ల సీసాలు అయిపోయాయి.

సెమీఫైనల్ నవంబర్ 5, మంగళవారం. ఆ రోజే క్యాష్ టాలీ కాలేదు. నేను పరిగెత్తుకుంటూ వెళ్లి కూర్చునేసరికి కొంబన్స్ ఒక గోల్ ముందున్నారు. మావాడు ముఖం ముడుచుకున్నాడు, ఆలస్యం నావల్లే కాబట్టి గోల్ కూడా నా ఖాతాలోనే. రెండో సగంలో కాలికట్ తిరగబడి 2-1తో గెలిచాక గానీ నాతో మాట్లాడలేదు.

10వ తేదీ ఆదివారం ఫైనల్, కొచ్చితో. ముప్పై వేల పైచిలుకు జనం. 15వ నిమిషంలో మణిపూర్ కుర్రాడు తోయ్ సింగ్, 71వ నిమిషంలో బెల్‌ఫోర్ట్. ఇక అయిపోయిందనుకుంటుండగా ఇంజురీ టైమ్‌లో డోరియెల్టన్ ఒకటి కొట్టాడు. ఆ చివరి రెండు నిమిషాల టెన్షన్‌లో పక్కనున్న ముక్కూముఖం తెలియని పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. 2-1. కప్పుతో పాటు కోటి రూపాయలు.

వెళ్లాలనుకునేవాళ్లు గోల్ వెనక సీట్లు కొనకండి, అవతలి సగం కనబడదు. ఆట అయ్యాక బీచ్‌కి వెళ్లి ఉప్పునీళ్లలో ఊరేసిన మామిడికాయ, ఉసిరికాయ తినండి. గొంతు పోయి ఉంటుంది కాబట్టి మంట ఇంకాస్త తెలుస్తుంది.

సోమవారం ఇక్క మిఠాయి వీధి నుంచి హల్వా పెట్టె తెచ్చారు. మా మేనేజర్‌ది కొచ్చి. మొదటి ముక్క తీసుకెళ్లి ఆయన టేబుల్ మీదే పెట్టారు.